నీళ్లు తక్కువైనా ఆకుకూరకు లోటుండదు
కరవు సీమ మహిళా రైతులు నేర్పుతున్న పాఠం మన డాబా మీదకీ పనికొస్తుంది

ఎండాకాలం వస్తే మన ఇళ్లలో రెండు మార్పులు కనిపిస్తాయి. కుళాయి నీళ్ల ధార సన్నబడుతుంది. వంటింట్లో ఆకుకూర తగ్గిపోతుంది. బజారులో కట్ట చిన్నదవుతుంది, ధర పెద్దదవుతుంది, ఇంటికి తెచ్చేసరికి సగం వాడిపోతుంది. దాంతో బంగాళాదుంప వేపుడు, పప్పుచారు, అప్పడాలతో రోజులు గడిచిపోతాయి. రెండు మూడు నెలలేగా అనుకుంటాం. కానీ రక్తం తక్కువగా ఉన్న ఆడపిల్లకి, ఎదిగే బిడ్డకి, మధుమేహం ఉన్న పెద్దాయనకి ఆ రెండు మూడు నెలలు చిన్న విషయం కాదు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో అది 63.2 శాతం. అంటే ఏ వీధిలో చూసినా, సగానికి పైగా ఇళ్లలో ఒకరికైనా ఈ సమస్య ఉంటుందన్నమాట. ఇది తిండి లేని ఇళ్లకే పరిమితమైన జబ్బు కాదు. కడుపు నిండా అన్నం తిని, ఫ్రిజ్, స్కూటీ ఉన్న ఇళ్ల నుంచి కూడా ‘నీరసం, ఆయాసం, జుట్టు రాలడం, చదువు మీద ధ్యాస లేకపోవడం’ అంటూ ఆస్పత్రికి వస్తుంటారు. పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ ఎనిమిదో, తొమ్మిదో ఉంటుంది.

అందుకే ఈ వారం మందుల గురించి కాకుండా మొక్కల గురించి మాట్లాడుకుందాం. నీళ్లు బొత్తిగా లేని చోట కూడా ఇంటి కూర పండించుకుంటున్నవాళ్లు ఏం చేస్తున్నారు? వాళ్లు పక్కవాళ్లకి ఎలా నేర్పుతున్నారు? మన చోడవరంలో, అనకాపల్లిలో, విశాఖలో ఉన్న కుటుంబాలు అందులో ఏం తీసుకోవచ్చు? వైద్యుడిగా ఎక్కడ జాగ్రత్త చెప్పాలి?

అనంతపురం చెప్పే కథ

అనంతపురం ప్రాంతంలో ఏడాదికి సగటున పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. మన వైపు దాదాపు దానికి రెట్టింపు పడుతుంది. అక్కడ బొమ్మనహాళ్, కణేకల్ మండలాల్లో వేదవతి (హగరి) నది పొడవునా ఇసుక మేటలు పొలాల మీదకి పాకాయి. దర్గా హొన్నూరు దగ్గర నిలబడి చూస్తే రాజస్థాన్‌లో ఉన్నామా అనిపిస్తుంది. దశాబ్దాలుగా వేరుశనగ ఒక్కటే నమ్ముకున్న నేల అది. వాన తప్పితే పంట పోయేది, పంటతో పాటు ఇంటి తిండీ పోయేది. ఒకే పంట ఉన్న పొలంలో ఇంటికి కావాల్సిన ఆకు, కాయ, పప్పు ఎక్కడి నుంచి వస్తాయి?

అలాంటి చోట రెండు రకాల ప్రయత్నాలు జరిగాయి. ఒకటి, 1990లో చెన్నేకొత్తపల్లి దగ్గర మొదలైన టింబక్టు కలెక్టివ్. బీడుపడిన 32 ఎకరాల భూమి కొని, దాన్ని కోలుకోనిస్తూ, చుట్టుపక్కల ఊళ్లలో చిరుధాన్యాలను, మహిళా సంఘాలను నిలబెట్టిన సంస్థ అది. రెండోది, రైతు సాధికార సంస్థ ద్వారా 2016లో రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం. విశ్రాంత ఐఏఎస్ అధికారి టి.విజయ్‌కుమార్ దానికి సారథి.

ఈ కార్యక్రమంలో కరవు ప్రాంతానికి బాగా పనికొచ్చిన పద్ధతి ఒకటుంది. వానాకాలం మొదలు కాకముందే, నిండు వేసవిలో, పొడి దుక్కిలో విత్తనాలు చల్లేస్తారు. ఊళ్లలో దీన్ని నవధాన్యాల సాగు అంటారు. పేరుకి నవధాన్యాలే కానీ చిరుధాన్యాలు, పప్పులు, నూనెగింజలు, కూరగాయలు, ఆకుకూరలు కలిపి ఇరవైకి పైగా రకాలు వేస్తారు. విత్తనానికి బంకమట్టి, బీజామృతం, బూడిద పట్టించి చిన్న ఉండల్లా చేస్తారు. ఆ పూత వల్ల విత్తనం ఎండకి చావదు, చీమలు ఎత్తుకుపోవు. నేల మీద గడ్డీ గాదం కప్పుతారు. చిన్న జల్లు పడినా ఆ తేమతోనే మొలకెత్తేవి మొలకెత్తుతాయి. మిగిలినవి తర్వాతి జల్లు కోసం ఎదురుచూస్తాయి. అందరూ చినుకు కోసం ఆకాశం వైపు చూస్తున్న వేళ ఆ చేలల్లో ఆకుకూర కోతకొస్తుంది.

ఈ కృషికి 2024లో పోర్చుగల్ దేశపు గుల్బెంకియన్ బహుమతి వచ్చింది. పది లక్షల యూరోల ఆ బహుమతిని ముగ్గురికి పంచారు. మన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం ఒకటి. నేల శాస్త్రవేత్త రతన్‌లాల్ ఒకరు. మూడోది ఈజిప్టులోని సెకెమ్ సంస్థ. ఔషధ పరిశోధన రంగంలో పనిచేసిన ఇబ్రహీం అబూలైష్ 1977లో కైరోకి దూరంగా ఉన్న అచ్చమైన ఎడారిలో మొదలుపెట్టిన సాగు ఇది. మందుల రంగం నుంచి వచ్చిన మనిషి ఇసుకలో మొక్కలు పెంచడానికి జీవితం ధారపోశాడంటే, ఆరోగ్యానికీ నేలకీ ఉన్న సంబంధం మనం అనుకునేదాని కంటే దగ్గరిదే.

నేర్పేది పక్కింటి మనిషే

వీటన్నిటిలో నాకు బాగా నచ్చిన సంగతి నేర్పే తీరు. ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయంలో పాఠం చెప్పేది ఎక్కువగా పట్నం నుంచి వచ్చిన అధికారి కాదు, ముందు తన పొలంలో చేసి చూసిన రైతే. స్వయం సహాయక సంఘాల మహిళలు ఇందులో ముందుంటారు. వాళ్లకి దక్కేది కొద్దిపాటి భత్యం. పని మాత్రం తెల్లవారుజామున తమ చేలో మొదలై, సాయంత్రం సంఘం సమావేశంలో ముగుస్తుంది. ‘నా పెరట్లో వచ్చింది చూడు, నీ పెరట్లో ఎందుకు రాదు?’ అన్న మాటకి ఉన్న బలం ఏ కరపత్రానికీ ఉండదు.

తెలంగాణలో జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీదీ ఇదే బాట. పి.వి.సతీశ్ వంటి వారు తోడు నిలిచారు కానీ అసలు పని చేసింది దళిత మహిళా రైతుల సంఘాలు. విత్తనం అప్పుగా తీసుకున్నవాళ్లు పంట వచ్చాక రెట్టింపు తిరిగివ్వడం అక్కడి నియమం. ఎవరూ విత్తకుండానే చేలో మొలిచే గంగపాయల, గలిజేరు లాంటి ఆకుకూరల విలువని వాళ్లు అందరికీ గుర్తుచేశారు. ఏటా పాత పంటల జాతర చేస్తారు. 2008లో సొంతంగా సంఘం రేడియో పెట్టుకున్నారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి వీరికి దక్కింది.

అమెరికాలోనూ ఇలాంటి ఏర్పాటు ఉంది. వాషింగ్టన్ రాష్ట్ర విశ్వవిద్యాలయం 1972లో ‘మాస్టర్ గార్డెనర్’ పేరిట ఇంటి తోటల మీద ఆసక్తి ఉన్నవాళ్లకి శిక్షణ ఇచ్చి, వాళ్లే ఊరివాళ్లకి ఉచితంగా నేర్పే పద్ధతి మొదలుపెట్టింది. తర్వాత అది అరిజోనా లాంటి ఎడారి రాష్ట్రాలకీ పాకింది. తడి రాష్ట్రాల నుంచి వలస వచ్చి ఇసుకలో మొక్క నాటి, అది ఎండిపోతే నిరుత్సాహపడే కుటుంబాలకి ఈ స్వచ్ఛంద తోటమాలులే దిక్కు.

మన ఊళ్లలో పట్టణ కుటుంబాల కోసం ఇలాంటి పని చేస్తున్నవాళ్లు మిద్దెతోటల మిత్రులు. హైదరాబాద్‌లో రచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి తన ఇంటి మిద్దెనే తోటగా మార్చి, వచ్చినవారందరికీ చూపించి, రాసి, మాట్లాడి ఎంతోమందిని ఇటు మళ్లించారు. ఇప్పుడు విశాఖతో సహా చాలా పట్టణాల్లో ఆదివారం పూట విత్తనాలు, మొక్కలు పంచుకునే బృందాలు ఉన్నాయి.

వైద్యంలోనూ ఇదే చూస్తున్నాం. ఐరన్ మాత్ర వేసుకోమని డాక్టరు పదిసార్లు చెప్పినదాని కంటే, పక్కింటి కోడలు ‘నేను వేసుకున్నాను, మొదట్లో కాస్త కడుపు తిప్పింది, తర్వాత సర్దుకుంది’ అని ఒక్కసారి చెబితే ఎక్కువ పనిచేస్తుంది. ఆశా కార్యకర్తల విజయం వెనుక ఉన్న రహస్యం కూడా అదే.

నీళ్లతో పాటు ఆరోగ్యమూ పోయిన చోట

ఇంటి పంట పోతే ఏమవుతుందో చూపే ఉదాహరణ ఎడారి నుంచే ఉంది. అరిజోనా ఎడారిలో పీమా అనే ఆదివాసీలు ఉన్నారు. తమని తాము ‘అకిమెల్ ఓదమ్’, అంటే నది మనుషులు అని పిలుచుకుంటారు. ఏడాదికి 200 మిల్లీమీటర్ల వాన కూడా సరిగా పడని చోట, గీలా నది నుంచి కాలువలు తవ్వుకుని మొక్కజొన్న, గుమ్మడి, ఎండకి తట్టుకునే చిక్కుళ్లు పండించుకుని తరతరాలు బతికారు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఎగువన స్థిరపడినవాళ్లు నదిని మళ్లించుకున్నారు. కాలువలు ఎండిపోయాయి. తోటలు పోయాయి. వాటి స్థానంలో మైదా, చక్కెర, కొవ్వు డబ్బాలు వచ్చాయి. పొలం పని పోయి కూర్చునే బతుకు వచ్చింది.

ఫలితం? ప్రపంచంలోనే అత్యధిక మధుమేహం ఉన్న సమూహాల్లో ఒకటిగా పీమాలు వైద్య గ్రంథాలకెక్కారు. అయితే వాళ్ల జన్యువుల్లోనే లోపం ఉందా? దీనికి జవాబు సరిహద్దుకి అవతల దొరికింది. మెక్సికో కొండల్లో పాత పద్ధతిలోనే సాగు చేసుకుంటూ ఉన్న పీమాలనీ, అరిజోనా పీమాలనీ పోల్చి 2006లో ఒక అధ్యయనం ప్రచురించారు. మెక్సికో పీమాల్లో మధుమేహం 6.9 శాతం. అమెరికా పీమాల్లో 38 శాతం. రక్తసంబంధం ఉన్న మనుషులే. తిండీ పనీ మాత్రం వేరు.

ఇది చదివి మనకేంటి అనుకోవద్దు. మన ఉత్తరాంధ్రలో ఒకప్పుడు పొద్దున్నే చోడి అంబలి, పెరట్లో ఆనపపాదు, గోడ పక్కన మునగచెట్టు, దొడ్లో బచ్చలి ఉండేవి. ఇప్పుడు పూటకింత తెల్లన్నం, సాయంత్రం బేకరీ పఫ్, దొడ్డి ఉన్న చోట సిమెంటు గచ్చు. మధుమేహం పాతికేళ్లకే పలకరించడంలో ఆశ్చర్యమేముంది?

మీ డాబా కూడా ఎడారే

మనకి వాన పడుతుంది కదా, ఈ ఎడారి పాఠాలు ఎందుకు అని అడగవచ్చు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం మీ డాబా మీద చెప్పుల్లేకుండా నిలబడి చూడండి. కింద వేరుకి నేల లేదు. నీడ లేదు. కుండీలో మట్టి నాలుగు వైపుల నుంచీ వేడెక్కుతుంది. పొద్దున పోసిన నీళ్లు మధ్యాహ్నానికి ఆవిరవుతాయి. అందుకే సరదాగా మొదలుపెట్టిన డాబా తోటలు మొదటి వేసవిలోనే చస్తాయి. కరవు సీమలో పనిచేసే కిటుకులే ఇక్కడా పనిచేస్తాయి.

మొదటిది, నేలని కప్పడం. మట్టిని ఎప్పుడూ ఎండకి వదలకూడదు. ఎండుటాకులు, వరిగడ్డి, కొబ్బరి పీచు, మన వైపు చవగ్గా దొరికే చెరకు ఆకు, ఏదైనా సరే రెండు మూడు అంగుళాల మందాన పరచండి. తేమ నిలుస్తుంది, వేరు చల్లగా ఉంటుంది, కలుపు తగ్గుతుంది.

రెండోది, కుండ నీరు. ఇది చాలా పాత పద్ధతి. చైనాలో రెండు వేల ఏళ్ల కిందటి వ్యవసాయ గ్రంథంలోనే దీని వర్ణన ఉంది. రంగు వేయని మట్టికుండని మెడ వరకు మట్టిలో పాతి, నీళ్లు నింపి, మూత పెట్టాలి. కుండ చెమర్చి, చుట్టూ ఉన్న వేళ్లకి కావాల్సినంతే నీరు అందుతుంది. మట్టి తడిగా ఉంటే చెమర్చడం తగ్గుతుంది, పొడిబారితే పెరుగుతుంది. పై నుంచి పోసే నీటిలో ఆవిరిగా పోయేదంతా ఇక్కడ మిగులుతుంది. పెద్ద తొట్టిలో మధ్యన ఒక చిన్న కుండ పాతితే, ఊరికి రెండు రోజులు వెళ్లొచ్చినా మొక్క బతికే ఉంటుంది. మూత మాత్రం మరవకండి. ఎందుకో కింద చెబుతాను.

మూడోది, మట్టి. ఉత్త మట్టి నీటిని పట్టి ఉంచదు. మూడింట ఒక వంతు బాగా మాగిన పశువుల ఎరువు లేదా వంటింటి కంపోస్టు కలపండి. బరువు కూడా తగ్గుతుంది. డాబా తోటలో బరువు ముఖ్యం. ఒక ఘనపు మీటరు తడిమట్టి ఒకటిన్నర టన్నుకి పైనే తూగుతుంది. తొట్లని గోడల మీదుగా, దూలాల మీదుగా వచ్చేలా పెట్టండి. పాత ఇల్లయితే ముందు ఇంజినీరుని అడగండి.

నాలుగోది, నీడ. ఆకుకూరలకి ఎండాకాలంలో సగం ఎండ చాలు. షేడ్‌నెట్ కట్టవచ్చు. ఖర్చెందుకు అనుకుంటే పందిరి మీదకి దొండ, కాకర, బచ్చలి పాకించి, దాని కింద తోటకూర, కొత్తిమీర చల్లుకోవచ్చు.

ఐదోది, నీటి పొదుపు. బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు నేరుగా మొక్కలకి పోయండి. సబ్బు నీళ్లు, గిన్నెల పౌడరు నీళ్లు ఆకుకూరలకి వద్దు. వానాకాలంలో డాబా నీటిని పట్టుకోండి. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద పది మిల్లీమీటర్ల వాన పడినా సుమారు 900 లీటర్లు వస్తాయి. ఒక చిన్న తోటకి అది చాలా రోజుల దాహం.

ఏం నాటాలి?

మొదటిసారే టమాటా, క్యాప్సికం జోలికి వెళ్లకండి. ఎండకి తట్టుకునేవి, తక్కువ నీటితో బతికేవి, త్వరగా చేతికొచ్చేవి ఎంచుకోండి. తోటకూర విత్తిన మూడు నాలుగు వారాల్లో కోయవచ్చు. గోంగూర, బచ్చలి, పొన్నగంటి ఒకసారి నాటితే కోసిన కొద్దీ చిగురిస్తాయి. గోరుచిక్కుడు, బొబ్బర్లు, బెండ వేడికి భయపడవు. బొబ్బర్లు వేసిన మట్టికి నత్రజని కూడా చేరుతుంది. కరివేపాకు, మునగ, నిమ్మ పెద్ద తొట్లలోనూ వస్తాయి. ఇంటి ముందు రెండు గజాల నేల ఉన్నా మునగ నేలలోనే నాటండి. తొట్లో దానంతట అదే వచ్చే గంగపాయలని కలుపని పీకి పారేయకండి. పప్పులో వేసుకుంటే పుల్లగా బాగుంటుంది. అయితే ఏ ఆకైనా కచ్చితంగా తెలిసినవాళ్లు గుర్తుపట్టాకే తినాలి.

ఆకుకూరతో రక్తం పడుతుందా?

ఇక్కడ నిజం నిజంగా చెప్పుకోవాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం 100 గ్రాముల మునగాకులో సుమారు నాలుగున్నర మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. తోటకూరలోనూ దాదాపు అంతే. పాలకూరలో మూడుకి దగ్గర. అదే సంస్థ లెక్క ప్రకారం వయసులో ఉన్న మహిళకి రోజుకి 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. పైగా ఆకుల్లో ఉన్న ఇనుములో ఒంటికి పట్టేది కొద్ది భాగమే. కాబట్టి హిమోగ్లోబిన్ ఎనిమిదికి పడిపోయిన అమ్మాయికి మునగాకు రసం తాగించి మాత్రలు మానిపించడం ప్రమాదం. మాత్రలు పడిపోయిన నిల్వల్ని నింపుతాయి. ఆకుకూర ఆ నిల్వలు మళ్లీ పడిపోకుండా కాపాడటానికి తోడ్పడుతుంది. రెండూ కావాలి. మాత్రలు వాడుతున్నా రక్తం పెరగకపోతే కారణం వేరే ఉందేమో చూడాలి. అధిక రుతుస్రావం, మొలలు, కడుపులో పుండు, నులిపురుగులు వంటివి వెతకాలి.

పట్టే ఇనుముని పెంచుకునే చిట్కాలు మాత్రం మన వంటింట్లోనే ఉన్నాయి. ఆకుకూర పప్పు దింపాక నిమ్మరసం పిండండి. భోజనంతో ఉసిరి, జామ తినండి. విటమిన్ సి ఉంటే ఇనుము బాగా పడుతుంది. భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీ వద్దు. ఇనప మూకుడులో వండండి. ఆషాఢంలో మునగాకు తినాలన్న మన పెద్దల ఆచారాన్ని ఒక్క నెలకే పరిమితం చేయకండి. తెలగపిండి వేసి మునగాకు కూర వండితే పిల్లలూ తింటారు. చోడి పిండి 100 గ్రాముల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. పిల్లలకి, నలభై దాటిన మహిళలకి అంబలిని మించిన పానీయం లేదు.

రోజుకి కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు తినమని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సూచించింది. నలుగురున్న ఇంటికి ఇది రోజుకి కేజీన్నరకి పైమాటే. డాబా తోట మొత్తం ఇవ్వలేదు. వారానికి మూడు నాలుగు సార్లు తాజా ఆకుకూర ఇవ్వగలదు. మొదలుపెట్టడానికి అది చాలు.

మొక్కకి పోసిన నీళ్లు మనసుకీ

అమెరికాలోని కొలరాడో రాష్ట్రం, డెన్వర్ నగరం కూడా వాన తక్కువ ప్రాంతమే. అక్కడ అంతకుముందు తోటపని చేయని 291 మందిని తీసుకుని, లాటరీ పద్ధతిలో కొందరికి సామూహిక తోటలో చోటిచ్చి నేర్పారు, కొందరికి ఇవ్వలేదు. ఫలితాలు 2023లో లాన్సెట్ ప్లానెటరీ హెల్త్ పత్రికలో వచ్చాయి. తోటపని చేసినవాళ్లు మిగిలినవారి కంటే రోజుకి సుమారు 1.4 గ్రాముల పీచు ఎక్కువగా తిన్నారు. రోజుకి దాదాపు ఆరు నిమిషాలు ఎక్కువగా ఒళ్లు వంచారు. ఒత్తిడి, ఆందోళన తగ్గాయి. అంకెలు చిన్నవే. కానీ మందు బిళ్ల లేకుండా, ఒకే పనితో మూడూ రావడం తేలిక కాదు.

మన ఇళ్లలో రిటైరైన పెద్దలకి ఇది మరీ అవసరం. బిడ్డలు హైదరాబాద్‌లోనో, అమెరికాలోనో ఉంటారు. పొద్దున్నే లేవడానికి ఒక కారణం కావాలి. ‘రాత్రి పూసిన ఆనప పువ్వు పిందె పట్టిందా’ అని మెట్లెక్కి చూసే తాతయ్యకి నడక, ఎండ, ఆశ మూడూ దొరుకుతాయి.

ఇవి మరవద్దు

మూత లేని కుండ, తొట్టి కింద పళ్లెం, డాబా మీద నీళ్ల డ్రమ్ము డెంగీ దోమకి పుట్టిళ్లు. పాతిన కుండలకి మూత బిగుతుగా ఉండాలి. పళ్లేల్లో నీటిని వారానికి రెండుసార్లు పారబోసి, ఆరబెట్టాలి.

చెప్పుల్లేకుండా మట్టిలోకి దిగకండి. కొంకి పురుగు పాదం చర్మం గుండా ఒంట్లోకి చేరి రక్తం పీలుస్తుంది. రక్తం కోసం తోట వేసి, తోటలోనే రక్తం పోగొట్టుకోకూడదు. మధుమేహం ఉన్నవాళ్లకి చిన్న ముల్లు కూడా పెద్ద పుండవుతుంది. ఫిబ్రవరి, ఆగస్టు నెలల్లో బడుల్లో ఇచ్చే నులిపురుగుల మాత్ర పిల్లలకి తప్పక వేయించండి.

జీవామృతం పేడ, మూత్రం, బెల్లం, పప్పు పిండితో చేసే ద్రావణం. మొక్క మొదట్లో పోయండి. పచ్చిగా తినే కొత్తిమీర, పుదీనా ఆకుల మీద చల్లవద్దు. కోసిన ఆకుని పారే నీటిలో రెండు మూడుసార్లు కడగండి. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోండి.

తుప్పు మేకు, పార గుచ్చుకుంటే టీటీ గుర్తొస్తుంది. పెద్దవాళ్లు పదేళ్లకొకసారి టీడీ టీకా వేయించుకుని ఉండటం మేలు.

పొదల్లో, గడ్డిలో పనిచేసిన వారం పది రోజులకి జ్వరం వచ్చి, ఒంటి మీద ఎక్కడైనా నల్లటి పెచ్చు కట్టిన చిన్న పుండు కనిపిస్తే స్క్రబ్ టైఫస్ కావచ్చు. తోటపని సంగతి డాక్టరుకి చెప్పండి. త్వరగా గుర్తిస్తే మామూలు మందులతోనే తగ్గుతుంది. ఆలస్యమైతే ప్రాణం మీదకి వస్తుంది.

ఎండాకాలంలో తోటపని ఉదయం తొమ్మిదిలోపు, సాయంత్రం ఐదు తర్వాతే. బీపీకి నీటిమాత్రలు వాడేవాళ్లు, గుండె జబ్బు ఉన్నవాళ్లు బిందెలు మోయవద్దు.

పచ్చ గన్నేరు అందంగా ఉంటుంది కానీ దాని గింజ గుండెని ఆపేయగలదు. చిన్నపిల్లలున్న ఇంట్లో వద్దు. పురుగుమందు సీసా ఇంట్లో ఉంచవద్దు. ఇంటి తోటకి వేప నూనె, చేత్తో పురుగుల్ని ఏరేయడం సరిపోతాయి.

ఆకుకూర ఎవరికి జాగ్రత్త?

గుండె కవాటాల ఆపరేషన్ అయి వార్ఫరిన్, ఎసిట్రోమ్ లాంటి మందులు వాడేవాళ్లు ఆకుకూర మానేయనక్కర్లేదు, ఒక్కసారిగా పెంచకూడదు. వారం వారం ఒకే మోతాదులో తినాలి. తోట మొదలుపెట్టి రోజూ ఆకుకూర తినడం ఆరంభించే ముందు డాక్టరుతో మాట్లాడి, రక్తపరీక్ష చేయించుకోవాలి. కిడ్నీ జబ్బు ముదిరినవాళ్లకి ఆకుకూరల్లోని పొటాషియం భారం కావచ్చు. వాళ్లు ఆకుని ఉడికించి నీళ్లు వంచేసి, డాక్టరు చెప్పినంతే తినాలి. కిడ్నీలో రాళ్లు తరచూ వచ్చేవాళ్లు పాలకూర, తోటకూర తగ్గించి, మెంతికూర లాంటివి మార్చి మార్చి తినవచ్చు. నీళ్లు బాగా తాగాలి.

పది ఇళ్లు కలిస్తే

ఒక్క ఇల్లు తోట వేస్తే రెండు నెలల్లో ఆసక్తి తగ్గవచ్చు. ఒక వీధిలో పది ఇళ్లు కలిస్తే నిలబడుతుంది. అనంతపురం, జహీరాబాద్ సంఘాలు చెప్పేది ఇదే. ఒకరి దగ్గర బచ్చలి తీగ ఉంటుంది, ఇంకొకరి దగ్గర బొబ్బర్ల విత్తనం. ఊరెళ్తే పక్కవాళ్లు నీళ్లు పోస్తారు. ఎవరికి మొక్కలు బాగా వస్తాయో వాళ్లని మీ వీధికి మాస్టారుగా పెట్టుకోండి. మన చుట్టుపక్కల పల్లెల్లోనూ ప్రకృతి వ్యవసాయం చేసే మహిళలు ఉన్నారు. రైతు సేవా కేంద్రంలో అడిగితే వివరం చెబుతారు. వాళ్లని ఒక ఆదివారం మీ అపార్టుమెంటుకి పిలవండి. దారి ఖర్చులు, భోజనం పెట్టి, వాళ్లు చెప్పింది శ్రద్ధగా వినండి. పిల్లల్ని ముందు వరసలో కూర్చోబెట్టండి. తాను విత్తిన ఆకుని పళ్లెంలో వదిలేసే పిల్లలు తక్కువ.

ఈ వారం ఒక పని చేయండి. పాత బకెట్టుకి అడుగున రెండు చిల్లులు పెట్టి, మట్టీ ఎరువూ నింపి, గుప్పెడు తోటకూర గింజలు చల్లి, పైన ఎండుగడ్డి కప్పండి. అదే వారం ఇంట్లో ఆడవాళ్లకి, పిల్లలకి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. ప్రభుత్వ ఆస్పత్రిలో ఇది ఉచితమే. తక్కువగా ఉంటే డాక్టరు రాసిన మాత్రలు మొదలుపెట్టండి. మూడు నాలుగు వారాలకి తోటకూర కోతకొస్తుంది. మళ్లీ రక్తపరీక్ష ఎప్పుడో డాక్టరు చెబుతారు. ఆ తేదీని క్యాలెండరు మీద రాసిపెట్టుకోండి.

– రచయిత ప్రభుత్వ ఆస్పత్రి వైద్యుడు, ఎంబీబీఎస్, ఎండీ, చోడవరం